చీకటి కబురు మోసే కందిగింజ

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది కందిగింజ. పప్పు కాదు, పొట్టు తియ్యని కంది. పొద్దున మా వంటింట్లోంచి తెచ్చాను. మీ అందరి తలలోనూ, సరిగ్గా నడిమధ్యలో, ఇంచుమించు ఇంతే సైజులో, ఇంతే బరువులో ఒక గ్రంథి ఉంది. పొడవు 5 నుంచి 8 మిల్లీమీటర్లు, బరువు 100 నుంచి 150 మిల్లీగ్రాములు. దాని పేరు పీనియల్ గ్రంథి. ఈ రోజు దాని గురించే మాట్లాడమన్నారు. నేను మెడికల్ కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెబుతాను, అక్కడ దీనికి దక్కేది ఒక్క క్లాసు, అది కూడా చివర్లో, పిల్లలు పుస్తకాలు సర్దుకుంటున్నప్పుడు. అందుకని ఇక్కడ నాకు గంట సమయం ఇచ్చారంటే నిజంగా సంతోషంగా ఉంది.

పోయిన నెల మా వీధిలో ఒకాయన వచ్చి ఒక పొడి డబ్బా చూపించాడు. "మేడమ్, దీనితో మూడో కన్ను శుభ్రమవుతుందట, పీనియల్‌కి పట్టిన సున్నం కరిగిపోతుందట, వాడమంటారా?" అని అడిగాడు. చాలా డబ్బు పెట్టి కొన్నాడు పాపం. ఆ సున్నం సంగతికి తర్వాత వస్తాను. నాకు బాధనిపించింది ఎక్కడంటే, ఆయన అడిగినంతసేపూ అసలు ఈ గ్రంథి రోజూ ఏం చేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది చేసే పని ఆ డబ్బా మీద రాసినదానికంటే ఎంతో గొప్పది.

పేరు దగ్గర మొదలుపెడదాం. పైన్ చెట్టు కాయలా ఉంటుందని ఆ పేరు. మన దగ్గర పైన్ చెట్లు పెద్దగా కనిపించవు కానీ సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్నాయి కదా, వాటి కింద రాలి పడుంటాయి చూడండి గరుకు గరుకు కాయలు, అలా అనుకోండి. 2వ శతాబ్దంలోనే గాలెన్ అనే గ్రీకు వైద్యుడు దీని గురించి రాశాడు. 17వ శతాబ్దంలో డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త, మెదడులో అన్నీ కుడి ఎడమ జంటలుగా ఉంటే ఇదొక్కటే ఒంటరిగా మధ్యలో ఉందని చూసి, ఆత్మ ఇక్కడే కూర్చుని శరీరాన్ని నడుపుతుంది అన్నాడు. ఆయన చెప్పింది తప్పే, కానీ ఆయనకు దాని మీద చూపు నిలిచిన కారణం మాత్రం నాకు అర్థమవుతుంది.

అసలు కథ మొదలైంది కప్పలతో. 1917లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవుల పీనియల్ గ్రంథుల సారం తీసి తోకకప్పలకు పెట్టారు. తోకకప్పలంటే వానాకాలం గుంటల్లో తోకలతో ఈదే కప్పపిల్లలు. అరగంటలో వాటి నల్లటి ఒళ్లు పాలిపోయింది. అప్పటికి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముప్పై ఏళ్లు దాటాక యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడి కంట ఆ విషయం పడింది. ఆయన బొల్లి మీద పని చేస్తున్నాడు. చర్మం రంగు మార్చే పదార్థం ఏదో ఇందులో ఉంది, పట్టుకుంటే బొల్లి సంగతి తెలుస్తుంది కదా అనుకున్నాడు. కబేళాల నుంచి ఆవుల పీనియల్ గ్రంథులు తెప్పించాడు, ఒకటీ రెండూ కాదు, లక్షకు పైగా. ఏళ్ల తరబడి నూరి, వడగట్టి, వేరు చేసి, చివరికి 1958లో ఆ పదార్థాన్ని పట్టుకుని మెలటోనిన్ అని పేరు పెట్టాడు. మనుషులకిచ్చి చూస్తే చర్మం రంగు ఏమీ మారలేదు, కాస్త మగతగా ఉందన్నారు. బొల్లికి మందు వెతకబోయి మనిషి రాత్రిని పట్టుకున్నాడు ఆయన. అలాంటి ఓపికను తలచుకుంటే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

సరే, ఈ మెలటోనిన్ ఎప్పుడు పుడుతుంది? చీకట్లో. పగలంతా పీనియల్‌లో సెరటోనిన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది, అది మన తిండిలోని ట్రిప్టోఫాన్ నుంచి తయారవుతుంది. చీకటి పడ్డాక ఒక ఎంజైము నిద్రలేచి, ఆ సెరటోనిన్‌ను మార్చే పని మొదలుపెడుతుంది, దాంతో మెలటోనిన్ రక్తంలోకి వస్తుంది. మీరు రోజూ పడుకునే వేళకు సుమారు రెండు గంటల ముందు పెరగడం మొదలై, తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య బాగా ఎక్కువగా ఉండి, తెల్లారేసరికి తగ్గిపోతుంది.

అయితే పుర్రె లోపల, మెదడు నడిమధ్యలో, కన్ను కూడా లేని ఆ గింజకు బయట చీకటి పడిందని ఎలా తెలుస్తుంది? ఇది కొంచెం ఓపిగ్గా వినండి, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

కంటి లోపలి పొరలో మనం బొమ్మలు చూడ్డానికి వాడే కణాలు కాకుండా ఇంకో రకం కణాలు కొద్దిగా ఉన్నాయి. వాటికి బొమ్మతో పని లేదు. వెలుగు ఉందా లేదా, అంతే, అందులోనూ ఆకాశం రంగు నీలం వెలుగుకే ఎక్కువ స్పందిస్తాయి. వాటిలో ఉండే మెలనాప్సిన్ అనే పదార్థం 1998లో గానీ బయటపడలేదు, అంటే మన కంట్లో ఇంకో చూపు ఉందని మనకు తెలిసి ముప్పై ఏళ్లు కూడా కాలేదు. ఈ కణాలు వెలుగు కబురును, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటుకునే చోటుకు సరిగ్గా పైన ఉన్న ఒక చిన్న గుంపుకు చేరవేస్తాయి. సుమారు 20,000 నాడీకణాల గుంపు అది. మన ఒంట్లో అసలు గడియారం అదే. అక్కడి నుంచి పీనియల్ ఎంతో దూరం కాదు, కొద్ది సెంటీమీటర్లే. తిన్నగా ఒక తీగ లాగితే సరిపోయేది. కానీ కబురు అలా వెళ్లదు. ముందు కిందికి దిగుతుంది. మెడ గుండా వెన్నుపాములోకి, ఛాతీ మొదలయ్యే చోటి దాకా వెళ్లి, అక్కడ బయటికొచ్చి, మెడలో పైన ఉన్న ఒక నాడీముడి దగ్గర ఆగి, అక్కడి నుంచి రక్తనాళాల వెంబడి మళ్లీ తలలోకి ఎక్కి పీనియల్‌ను చేరుతుంది. పక్కింటికి చెప్పాల్సిన మాట ఊరి చివర దాకా వెళ్లి తిరిగొచ్చినట్టు. రాత్రి అయితే ఆ నరం చివర నారడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, పీనియల్ పని మొదలుపెడుతుంది. కంటి మీద గట్టి వెలుగు పడితే ఆ కబురు ఆగిపోతుంది, పని ఆగిపోతుంది.

ఈ దారి నేను చదువుకున్నప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. దాని అర్థం తెలిసింది మాత్రం తర్వాత. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా వార్డులో ఒక గీత కార్మికుడు ఉండేవాడు. తాటిచెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది. కాళ్లూ చేతులూ కదలవు. రాత్రి డ్యూటీలో నేను ఎప్పుడు ఆ మంచం పక్కన వెళ్లినా కళ్లు తెరిచే ఉండేవి. "అమ్మా, నిద్రొస్తలేదు" అనేవాడు. దిగులుతో నిద్ర పట్టడం లేదనే మేమంతా అనుకున్నాం, ఇద్దరు చిన్నపిల్లలు ఆయనకు, దిగులు ఎందుకుండదు. చాలా ఏళ్ల తర్వాత, మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా తెగినవాళ్లకు రాత్రిపూట మెలటోనిన్ అసలు పెరగదని చదివాను. ఛాతీ కింద దెబ్బ తగిలినవాళ్లకు మామూలుగానే పెరుగుతుంది, మెడలో తగిలితే పెరగదు, ఎందుకంటే ఆ తీగ మెడ గుండా పోతుంది. చదవగానే ఆ మనిషి మొహమే గుర్తొచ్చింది. దిగులు ఉంది నిజమే, కానీ బయట రాత్రయిందని ఆయన ఒంటికి చెప్పేవాళ్లే లేకుండా పోయారు. ఆ సంగతి ఆయనకు చెప్పి ఉంటే కనీసం, ఇది నా మనసు బలహీనత కాదు అని అనుకునేవాడేమో.

ఇక్కడ ఒక పొరపాటు సరిచేసుకుందాం. మెలటోనిన్‌ను నిద్ర హార్మోన్ అంటారు. పూర్తిగా సరైన మాట కాదది. ఎలుకలు రాత్రంతా తిరుగుతాయి, పగలు పడుకుంటాయి, వాటిక్కూడా మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది. అంటే అది "పడుకో" అని చెప్పడం లేదు, "చీకటి పడింది" అని చెబుతోంది. చీకటి పడితే ఏం చేయాలో ఆ జీవి ఇష్టం. మనం చీకటి పడితే పడుకునే జాతి కాబట్టి మనకు నిద్రొస్తుంది, ఒంటి వేడి కాస్త తగ్గుతుంది.

ఇంకో సంగతి. రాత్రి పొడవు పెరిగితే మెలటోనిన్ ఉండే గంటలూ పెరుగుతాయి. అంటే ఈ గింజకు ఋతువులు కూడా తెలుసు. గేదెలు మేపేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. మీకు నేను చెప్పక్కర్లేదు, ఎండాకాలంలో గేదె ఎదకు రావడం కష్టం, వచ్చినా మూగ ఎద, తెలియదు. చలికాలం రాగానే వరసగా ఎదకొస్తాయి. ఎండ వేడీ, పచ్చిమేత కరువూ కూడా కారణాలే, కాదనను. కానీ రాత్రులు పొడవు పెరిగాయన్న కబురు వాటి పీనియల్ మోస్తుంది, అది కూడా ఒక కారణం. చలిదేశాల గొర్రెల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మూడో కన్ను సంగతి. ధ్యానం చేసేవాళ్లు కనుబొమల మధ్య ఆజ్ఞాచక్రం మీద మనసు నిలుపుతారు, మా అమ్మమ్మ కూడా చేసేది, ఆ సాధన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ చక్రాన్నీ ఈ గ్రంథినీ ముడిపెట్టడం పాతకాలం మాట కాదు, 19వ శతాబ్దం చివర్లో దివ్యజ్ఞాన సమాజం వాళ్ల రచనలతో బాగా వ్యాపించింది. సాధన చేసేవాళ్లకు పీనియల్ సాక్ష్యం అవసరం లేదని నా అభిప్రాయం. కానీ నిజంగా మూడో కన్ను ఉన్న జీవి మన పెరట్లోనే ఉంది. తొండ. దాని తల నడినెత్తిన ఒక పొలుసు కింద చిన్న కన్ను ఉంటుంది, దానికి కటకం ఉంటుంది, రెటీనా ఉంటుంది. బొమ్మ కనపడదు, వెలుగు మాత్రం తెలుస్తుంది. పీనియల్ పుట్టే చోటి నుంచే అదీ పుడుతుంది. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వజీవులకు నెత్తిన వెలుగు తెలిసే అవయవం ఉండేది, మన దాకా వచ్చేసరికి అది లోపలికి వెళ్లిపోయి, వెలుగు కబురు కోసం మామూలు కళ్ల మీద ఆధారపడింది. కాబట్టి పిల్లలూ, తొండ కనిపిస్తే రాళ్లతో కొట్టకండి, దగ్గరికెళ్లి మెల్లగా తల మీద చూడండి.

ఇప్పుడు ఆ పొడి డబ్బా. పీనియల్‌లో కాల్షియం చేరడం నిజం. ఇసుక రేణువుల్లా ఉంటుంది, మెదడు ఇసుక అనే అంటారు. పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. సీటీ స్కాన్‌లో తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. స్కానులు లేని రోజుల్లో ఎక్స్‌రేలో ఆ చుక్క మధ్యలోనే ఉందా, పక్కకు జరిగిందా అని చూసి, జరిగితే లోపల గడ్డో రక్తమో నెడుతోందని డాక్టర్లు గ్రహించేవాళ్లు. అంటే ఆ ఇసుక ఎంతోమంది ప్రాణాలు కాపాడింది. స్కాన్ రిపోర్టులో ఆ మాట కనిపిస్తే టెన్షన్ పడకండి.

దీనికి ఫ్లోరైడ్ కారణమని, టూత్‌పేస్టు మానేయమని వీడియోలు తిరుగుతున్నాయి. కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడ్ చేరుతుంది, ఎముకలో చేరినట్టే ఇక్కడా చేరుతుంది, అది నిజం. కానీ ఏదో పొడి తాగితే అది కరిగి బయటికి పోతుందనడానికి ఆధారం లేదు. నాకు కోపమొచ్చేది ఎక్కడంటే, ఫ్లోరైడ్ బాధ అంటే ఏమిటో మన వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు ఉందని 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. నల్గొండలో బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను మీరూ చూశారు, నేనూ చూశాను. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, అక్కడ దానికి ఎన్నో రెట్లు తాగారు. వాళ్లు అడిగింది మంచినీళ్లు. ఆ బాధ పేరు చెప్పి మూడో కన్ను పొడులు అమ్మడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

పీనియల్‌కు మనం నిజంగా చేస్తున్న చెరుపు వేరే ఉంది. రాత్రి వెలుగు. కొవ్వొత్తికి మీటరు దూరంలో పడే వెలుగును 1 లక్స్ అంటారు. నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష దాకా ఉంటుంది. మన హాల్లో ట్యూబులైటు వెలుగు వంద, రెండు వందలు. మా అమ్మమ్మ కాలంలో సాయంత్రం దాటితే ఒక బుడ్డి దీపం, ఆరుబయట మంచాలు, అంతే, పీనియల్‌కు ఏ అడ్డూ లేదు. గది వెలుగుకే మెలటోనిన్ తగ్గుతుందా అని 2011లో వచ్చిన ఒక పరిశోధనలో చూశారు. పడుకునే ముందు 200 లక్స్ లోపు మామూలు గది వెలుగులో ఉన్నవాళ్లకు, మసక వెలుగులో ఉన్నప్పటితో పోలిస్తే, మెలటోనిన్ ఉండే సమయం సుమారు గంటన్నర తగ్గింది. ఫోన్లు ఇంకా లెక్కలోకి రాలేదు, ఒట్టి గది లైటే. చిన్నపిల్లల కంటి కటకం తేటగా ఉంటుంది, కంటిపాప పెద్దది, కాబట్టి వాళ్ల మీద ఆ దెబ్బ పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ. రాత్రి పదింటికి ట్యూబులైటు కింద హోంవర్కు చేయించి, పదిన్నరకు నిద్రపోలేదని తిడుతున్నాం పిల్లల్ని.

బాలింతలు ఉన్న ఇళ్లవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పుట్టిన బిడ్డకు సొంత మెలటోనిన్ లయ రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లిది మాయ గుండా అందేది, ఇప్పుడు ఆగిపోయింది. "పగలంతా పడుకుని రాత్రంతా ఆడుకుంటున్నాడు" అని తల్లిని ఆడిపోసుకోకండి, ఆ బిడ్డకు రాత్రంటే ఇంకా తెలియదు. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. రాత్రి పాలివ్వడానికి లేచినప్పుడు పెద్ద లైటు వెయ్యకుండా చిన్న ఎర్రటి బల్బు ఒకటి పెట్టుకుంటే చాలు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అక్కడ మెలటోనిన్ చాక్లెట్లలాగా గమ్మీల రూపంలో కిరాణా కొట్లో దొరుకుతుంది, మందుగా కాదు, ఆహార సప్లిమెంట్ కింద అమ్ముతారు. సూట్‌కేసులో వేసుకొచ్చి ఇక్కడ మనవలకు పెడుతున్నారు. 2023లో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 డబ్బాల్లో లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, ఒకదాంట్లో అసలు మెలటోనిన్నే లేదు, అన్నిటికంటే ఎక్కువ ఉన్నదాంట్లో మూడు రెట్లకు పైగా ఉంది. మెలటోనిన్ చెడ్డదని నేను అనను. విమాన ప్రయాణం తర్వాత పగలూ రాత్రీ తారుమారైనప్పుడు, కొందరు ఆటిజం పిల్లలకు, చూపు పూర్తిగా పోయి నిద్రవేళ రోజూ కొంచెం కొంచెంగా ఆలస్యమవుతూ పోయేవాళ్లకు డాక్టరు చూసి ఇస్తే మేలు చేస్తుంది. కానీ హార్మోన్‌ను పిప్పరమెంట్ బిళ్లలా పిల్లల చేతిలో పెట్టొద్దు. ఇంకోటి, బీపీకి అటినొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు మెలటోనిన్ తగ్గొచ్చు, ఎందుకంటే ఆ నారడ్రినలిన్ కబురును అవి అడ్డుకుంటాయి. నిద్ర పట్టకపోతే మీ డాక్టరుకు ఆ మాట చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

పీనియల్‌లో గడ్డలు రావడం చాలా అరుదు. అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: తెల్లారి లేవగానే తలనొప్పి, వాంతులు, కళ్లు పైకెత్తి చూడలేకపోవడం, ఈ మూడూ కలిసి పిల్లల్లో గానీ కుర్రవాళ్లలో గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా, లేచి నిలబడక్కర్లేదు.

(సభలో ఒక మహిళ: మా ఆయన నైట్ బస్సు డ్రైవరండి. పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీలే. పొద్దున ఏడింటికి వస్తాడు, మూడు గంటలు కూడా నిద్ర పట్టదు. ఈ గ్రంథి పాడైపోయి ఉంటుందా?)

పాడవలేదమ్మా. దాని పని అది చేయడానికి చూస్తూనే ఉంది, మనమే దారి ఇవ్వడం లేదు. రాత్రంతా ఎదురు బండ్ల లైట్లు కంట్లో పడతాయి, పొద్దున ఇంటికొచ్చే దారిలో ఎండ పడుతుంది, ఒంట్లో గడియారానికి అది "తెల్లారింది, లే" అన్నట్టు. రాత్రి షిఫ్టు పనిని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అలాగే ఉంచింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ ఆయన పని ఎంత బరువైందో మీకూ, ఆయన పై అధికార్లకూ తెలియాలని చెబుతున్నాను. డ్యూటీ దిగాక ఇంటికి ఎలా వస్తాడు? బండి మీదా? అయితే ఆయనే నడపకుండా ఎవరైనా తీసుకొస్తే మేలు. వెనక కూర్చుంటే నల్ల కళ్లద్దాలు పెట్టుకోవచ్చు, బండి తానే నడిపేటట్టయితే వద్దు, కునుకు పట్టేస్తుంది. రాగానే కాస్త తిని పడుకోవాలి. ఫోను వేరే గదిలో ఉండాలి. చుట్టాలొచ్చినా, గ్యాస్ బండ వచ్చినా లేపొద్దు.

ఆయన పడుకునే గదికి కిటికీ ఎటుందమ్మా? తూర్పుకా? అయితే ముందు దాని సంగతి చూడు. మామూలు కర్టెన్ చాలదు, దుప్పటి లాంటి మందపాటి గుడ్డ, ముదురు రంగుది, అంచుల్లోంచి కూడా వెలుగు రాకుండా నాలుగు వైపులా మేకులు కొట్టించు. తలుపు వేసుకుని లోపల నిలబడి చెయ్యి మొహం ముందు పెట్టుకుని చూడు, వేళ్లు కనిపిస్తే ఇంకో పొర వెయ్యి.